తీగ మీద ఉంచిన కాయ

ప్రసంగం మొదలై పావుగంట దాటినా అత్తగారు రాలేదు. తలుపు దగ్గర చెప్పుల చప్పుడైనప్పుడల్లా కోడలి మెడ దానంతటదే వెనక్కి తిరుగుతోంది, వచ్చింది వేరెవరో అని తెలియగానే సిగ్గుపడి ముందుకొస్తోంది, పక్కన కూర్చున్న పోస్టుమాస్టరుగారి భార్య "మెడ పట్టేసిందా?" అని చెవిలో అడిగేదాకా వచ్చింది వ్యవహారం. లేదండీ అని నవ్వి పాటల పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది, తెరిచింది, మూసింది. పట్టేసింది మెడ కాదు, ఊపిరి. ఇంటి దగ్గర రెండు గుమ్మడికాయలున్నాయి. ఒకటి నాలుగు రోజుల కిందట తనే కోసి వసారాలో గోనెసంచి మీద పెట్టింది, పంట తెచ్చి చర్చి బల్ల మీద పెట్టే ఈ కృతజ్ఞత ఆదివారం కోసమే. ఇంకోటి దానికన్నా పెద్దది, పెరట్లో తీగ మీదే ఉంది, ఉండాలి, మరో ఇరవై రోజులు దాన్ని ఎవరూ కదపకుండా ఉంటేనే లోపల గింజ గట్టిపడుతుంది, ఆ గింజ కోసమే మూడేళ్ళుగా ఆమె ఈ సంఘంలో అందరి నోళ్ళలో నానుతోంది. పొద్దున్న ఏడింటికి బల్ల అలంకరించడానికి బయల్దేరుతుంటే అత్తగారు పెరటి మెట్టు మీద కూర్చుని కత్తి నూరుతున్నారు. రాయి మీద నీళ్ళు చల్లుకుంటూ, తొందరేమీ లేకుండా, బొటనవేలితో పదును చూసుకుంటూ.

"కాయ నేను తెస్తాలే, వాడి చేత బండి మీద పెట్టించుకుని. నువ్వెళ్ళు."

"ఏ కాయ అత్తయ్యా?"

"గుమ్మడికాయ," అన్నారు అత్తగారు, తల ఎత్తకుండా.

వసారాలో ఉన్నది కోసేసిన కాయ, దానికి కత్తెందుకు? ఈ ప్రశ్న వీధి మలుపు దాటాక తట్టింది ఆమెకి. అక్కడే నిలబడిపోయింది ఒక నిమిషం. చర్చి బీరువా తాళం తన కొంగుకే ఉంది, లోపల బల్ల మీద పరిచే తెల్లగుడ్డ ఉంది, అవతల నలుగురు ఆడవాళ్ళు వాకిట్లో తన కోసం చూస్తూ ఉంటారు. వెనక్కి పరిగెత్తి ఏం చేయాలి, డెబ్బై రెండేళ్ళ మనిషి చేతిలోంచి కత్తి లాక్కోవాలా, పండగపూట, కన్నకొడుకు చూస్తుండగా? ముందుకే నడిచింది. బల్ల మీద గుడ్డ పరిచి, నాలుగు అంచులూ సమంగా వేలాడేలా సర్ది, మడత గీత సరిగ్గా మధ్యకి వచ్చేదాకా మూడుసార్లు లాగి, చూసేవాళ్ళకి ఎంతో నిదానంగా కనిపించి ఉంటుంది. వంకర గుడ్డ చూస్తే ఆమెకి ఒంట్లో బాగుండదు, అది వేరే సంగతి. లోపల మాత్రం రాయి మీద కత్తి నడుస్తూనే ఉంది, సుర్రు సుర్రుమని.

పాస్టరుగారు గృహనిర్వాహకుడి గురించి చెబుతున్నారు. ఇల్లు అతనిది కాదు, గిడ్డంగి అతనిది కాదు, తాళంచెవులు మాత్రం అతని నడుముకి ఉంటాయి, అని. గొంతు బాగుంది, విషయమూ బాగుంది, ఏటా ఇదే విషయం. ఆమె ఆ మనిషిని ఎప్పుడూ మగవాడిగా ఊహించుకోలేకపోయింది. తాళంచెవులు నడుముకి పెట్టుకుని, ఏ డబ్బాలో ఏముందో చీకట్లో కూడా తడిమి చెప్పగలిగి, ఇది ఇవాళ్టికి, ఇది నెలాఖరుకి, దీని మూత మాత్రం ఎవరూ తీయకూడదు అనే మనిషి ఎవరో ఏ వంటింటిని అడిగినా చెబుతుంది. యజమాని వచ్చి లెక్క చెప్పమంటే, ఉన్నదంతా మీ పేరు మీద వండి పెట్టేశానండీ అంటే మెచ్చుకుంటాడా? విత్తనాల డబ్బా ఏదీ అంటాడు. అవి కూడా వండేశానండీ, అన్నిటికన్నా మేలైనవి అవే కదా అని. అప్పుడు యజమాని ముఖం ఎలా ఉంటుందో ఆమె చాలాసార్లు ఊహించుకుంది, అంట్లు తోముతూ, బట్టలు పిండుతూ. కోపంగా ఉండదు. బిత్తరపోయి ఉంటుంది.

బల్ల మీద ఇప్పటికే కొన్ని కాయలున్నాయి. దూరపు ఇళ్ళవాళ్ళు పొద్దున్నే తెచ్చిపెట్టేసినవి, మిగతావాళ్ళవి పాట మొదలయ్యాక వరుసలో వస్తాయి. కుట్టుపని చేసే వదినగారి కాయ ఒళ్ళోనే ఉంది, మూడు వరుసల ముందు, చంటిపిల్లలా పట్టుకుని కూర్చుంది. నిరుటికి రెండింతలుంది. బల్ల మీద ఉన్నవి కూడా అంతే, పక్కటెముకల్లా తేలిన గట్లు, ఆకుపచ్చలో తెల్లటి చారలు. ఆ చారలు ఎక్కడున్నా గుర్తుపడుతుంది ఆమె, తన తీగవి. నిరుడు చలికాలంలో గింజలు ఆరబెట్టి పాత క్యాలెండరు కాగితాల్లో పొట్లాలు కట్టి పెడితే పెరటి తలుపు దగ్గరికి ఒక్కొక్కరే వచ్చారు. పిల్లలు ఆడుకుంటారట రెండు గింజలిస్తావా అని ఒకరు. మా అక్కయ్యకి పంపాలి, మాక్కాదు అని ఒకరు. కుట్టుపని వదినగారైతే పాత జాకెట్టు కొలత అడగడానికి వచ్చినట్టు వచ్చి, వెళ్తూ వెళ్తూ, "మా పక్కింటావిడ అడుగుతోంది, నాకెందుకు ఇవన్నీ," అని పొట్లం నడుములో దోపుకుంది. ఎవరినీ ఒక్క మాట అడగలేదు ఆమె. ఇచ్చింది, తలుపేసింది, తలుపు వెనక నిలబడి నోటికి కొంగడ్డం పెట్టుకుని నవ్వుకుంది. కానీ ఇప్పుడు ఆ నవ్వు రావటంలేదు. ఇంత పెద్దవి తెచ్చారంటే మేలైనవే తెచ్చారు, తీగకి మొదట కాసినవే తెంపుకొచ్చారు, అలవాటు అంత తేలిగ్గా పోతుందా. మధ్యాహ్నానికి అవన్నీ వెనకవైపు వంటశాలలో పెద్ద గిన్నెల్లో ఉడికిపోతాయి. మళ్ళీ మొదటికే. ఈ చారలున్న వంశమంతటికీ మిగిలేది పెరట్లోని ఆ ఒక్క కాయే, అది మిగిలి ఉంటే.

వాళ్ళని తప్పుపట్టడానికేముంది. ఈ సంఘం పుట్టినప్పటి నుంచీ ఉన్న పద్ధతి అది. తీగకి మొదట కాసినది, అన్నిటిలోకి మంచిది, దేవుడి బల్లకి. బల్ల ఎక్కినదాంట్లోంచి గింజ కూడా ఇంటికి తిరిగి రాకూడదు. అందుకే వంటశాలలో కాయ కోయగానే గింజా గుజ్జూ కలిపి గుంటలో వేసి మట్టి కప్పేస్తారు, అదీ భక్తిగానే, ఒకావిడ పాట పాడుతూ. మరి మరుసటేటికి విత్తనం? పండగ అయ్యాక, ఎండిపోతున్న తీగ చివర పిడికెడంత కాయ ఒకటి మిగిలి ఉంటుంది చూడండి, ఎవరికీ అక్కర్లేనిది, దాంట్లోంచి. ఏటా అంతే. ఏటా మేలైనది గిన్నెలోకి, గిడసబారినది మట్టిలోకి. నలభై ఏళ్ళు.

ఇది ఆమెకి ఎవరూ చెప్పలేదు. కాలేజీలో మొక్కల శాస్త్రం చదువుకున్న మాట నిజమే, పరీక్షలో వంశపారంపర్యం మీద పది మార్కుల ప్రశ్నకి ఏడు వచ్చిన మాటా నిజమే, కానీ తెలిసింది దుమ్ము దులుపుతుంటే. హాలు గోడ మీద ప్రతి కృతజ్ఞత ఆదివారం ఫొటో వరుసగా మేకులకు వేలాడుతూ ఉంటుంది, వంతు వచ్చిన నెలలో ఆమె తడిగుడ్డతో ఒక్కో అద్దం తుడుస్తుంది, అందరూ తుడిచినట్టు మధ్యలో కాదు, మూలలు కూడా. బల్ల అదే బల్ల, ముందంచుకి ద్రాక్షగుత్తులు చెక్కి ఉంటాయి, మొత్తం తొమ్మిది. మొదటి ఫొటోలో గుమ్మడికాయ అంచు దాటి ముందుకు జారి నాలుగు గుత్తుల్ని కప్పేసింది. పదేళ్ళ తరవాతి ఫొటోలో మూడు. ఆ తరవాత రెండున్నర. కిందటిదాంట్లో ఒక్కటి, అదీ పూర్తిగా కాదు. తడిగుడ్డ చేతిలో పట్టుకుని మళ్ళీ మొదటి నుంచీ లెక్కపెట్టింది, స్టూలు దిగి మళ్ళీ ఎక్కి. ప్రతి ఫొటోలోనూ అత్తగారు ముందు వరుసలో, కాయ పక్కన, అంతకంతకు జుట్టు తెల్లబడుతూ, అంతకంతకు కాయ చిన్నదవుతూ, నవ్వు మాత్రం అంతే ఉంచుకుని. ఆ నవ్వున్న చోట అద్దాన్ని ఇంకోసారి తుడిచింది. ఏ మనిషీ దొంగతనం చేయలేదు, ఏ మనిషీ దాచుకోలేదు, ఉన్నదాంట్లో మంచిదే ఇచ్చారు ఏటేటా, అందుకే ఇలా అయింది.

అది స్త్రీల సమాజంలో చెప్పింది. చెప్పకూడని చోట చెప్పిందని తరవాత భర్త అన్నాడు. భర్త కుళాయిలు బాగుచేసే మనిషి, ఎక్కడ కారుతోందో అక్కడే బిగించాలంటాడు, ఊరందరి ముందూ కాదు. కానీ ఆమెకి ఆ రోజు నోరు ఆగలేదు. మంచి కాయని తీగ మీదే పండనిద్దాం, గింజకి ఉంచుదాం, బల్లకి రెండోది తెద్దాం, మూడేళ్ళు చేసి చూద్దాం, అంది. అంతే, గది గదంతా ఒంటికాలి మీద లేచింది.

"అంటే ఏంటమ్మా," అంది కుట్టుపని వదినగారు, సమాజానికి అధ్యక్షురాలు కూడా తనే, "దేవుడికి రెండో రకం, మనకి మొదటి రకమా?"

"మనకి కాదు వదినా. మట్టికి."

"ఓహో, మట్టికి ఇస్తే మట్టి లేచి పాట పాడుతుందా? రేపట్నించి ఈవిడని గింజలమ్మ అందాం, ఏం?"

అందరూ నవ్వారు. నవ్వనిది అత్తగారొక్కరే. మెల్లగా లేచి, చెప్పులు తొడుక్కుని, ఎడమది కుడికీ కుడిది ఎడమకీ వేసుకుని, అలాగే ఇంటిదాకా నడిచారు. పదకొండు రోజులు మాట్లాడలేదు. పన్నెండో రోజు అన్నం ముందు కూర్చుని "ఉప్పెక్కువైంది," అన్నారు, ఆ మాటకి ఆమెకి ప్రాణం లేచొచ్చింది. పాస్టరుగారు ఔననీ లేదు, కాదనీ లేదు. మీ ఇంటి కాయ మీ ఇష్టమమ్మా, మూడేళ్ళు చూద్దాం అన్నారు. ఈ మూడో ఏడు ఆరాధన అయ్యాక సమాజం కూర్చుని తేలుస్తుంది. తేలకపోతే ఆమె ఇక ఈ సంగతి ఎత్తకూడదు, అదీ ఒప్పందం.

మొదటేడు తెచ్చిన కాయ చూసి బల్ల దగ్గర పిల్లలు కూడా నవ్వారు. రెండో ఏడు ఆకుమచ్చ పట్టింది, కాసినవే రెండు, వాటిలో మంచిది తీగ మీద వదిలి ఇంకోటి తెస్తుంటే చేతిలో ఉన్నది గుమ్మడికాయో బత్తాయిపండో తెలియలేదు. అప్పటిదాకా వరుసకి ముందు నడిచే అత్తగారు మొదటేడు చివర్న నడిచారు, చేతిలో నాలుగు పూలు పట్టుకుని. రెండో ఏడు కాళ్ళనొప్పులని ఇంట్లోనే ఉండిపోయారు. కాళ్ళనొప్పులు నిజమే. కానీ ఆ సాయంత్రమే పక్కవీధికి నడిచి వెళ్ళి వచ్చారు, అది కూడా నిజమే. నలభై ఏళ్ళు ముందు నడిచిన మనిషికి చివర నడవడమంటే ఏమిటో ఆమెకి అర్థం కాక కాదు. ఏదైనా సంపాదించుకున్నారా అత్తగారు ఈ జన్మలో, మామగారు పోయాక, ఆ నడక తప్ప?

"...తనకి అప్పగించినదాన్ని పెంచినవాడే నమ్మకమైనవాడు," అంటున్నారు పాస్టరుగారు. పెంచినవాడు. ఈయనకి తెలిసే అంటున్నారా, నోటికొచ్చి అంటున్నారా.

ఈ ఏడు మాత్రం ఎలా పెంచిందో ఆమెకే తెలుసు. సాయంత్రం మొగ్గ చూసి, రేపు విచ్చుకుంటుందనగా దారంతో మూతి కట్టి, తెల్లవారగానే లేచి మగపువ్వు రెక్కలు ఒలిచి, ఆ పుప్పొడి ఆడపువ్వుకి అద్ది, తేనెటీగ ఎక్కడి నుంచో ఏ గిడసకాయ పుప్పొడో మోసుకురాకుండా మళ్ళీ దారం కట్టి. అత్తగారు వంటింటి కిటికీలోంచి చూసి, "పువ్వులకి పెళ్ళిళ్ళు చేస్తోంది మా కోడలు, కట్నాలెంతో," అని ఎవరూ లేని గదిలో గట్టిగానే అన్నారు. ఉన్న ఒక్క తీగకి రెండే కాయలు ఉంచింది, మిగతా పిందెలు గిల్లేసింది, గిల్లినప్పుడల్లా తనకే నొప్పి. పెద్దది ఇంకా ఇంకా పెద్దదైంది. దర్జీ టేపుతో కొలిచి చూసుకుంది, ద్రాక్షగుత్తుల లెక్కలోకి మార్చుకుంది, అది నాలుగుంపావు, రెండోది మూడున్నర. రెండోదే మూడున్నర! ఆ రోజు పెరట్లో ఒక్కతే నిలబడి చప్పట్లు కొట్టింది, కొట్టి చుట్టూ చూసుకుంది. మొన్నటి గాలివానప్పుడు ఆమె పుట్టింట్లో ఉంది, తిరిగొచ్చేసరికి పెద్దకాయ కింద కుళ్ళకుండా చెక్కపలక, పైన గోనెపట్టా, పట్టా ఎగిరిపోకుండా నాలుగు మూలలా ఇటుకలు. నువ్వేనా అంటే భర్త, "నాకేం తెలుసు, నేను నీ కాయ జోలికొస్తానా, బతకాలని లేదా?" అన్నాడు. అయితే అత్తగారే. అప్పుడు సంతోషం వేసింది. వారం కిందట ఆ సంతోషం కాస్తా ముల్లైంది, అత్తగారు కొడుకుతో అంటున్న మాట గోడ ఇవతల వినబడి.

"వచ్చే ఏడాదికి ఉంటానో లేదో. ఒక్కసారి ముందు నడవాలనుందిరా, తల ఎత్తుకుని."

అందుకా పలక, అందుకా పట్టా, తన దేవుడి కోసం కాచుకున్నారా ఆ కాయని? ఇవాళ కత్తి నూరింది అందుకా? కోసేస్తే ఏం చేస్తుంది తను. గింజ పాలుగారే గింజ, గోరుతో నొక్కితే నీళ్ళొస్తాయి, మొలవదు. మూడేళ్ళ పొద్దుటి పూలన్నీ పోయినట్టే. అరుస్తుందా? ఏడుస్తుందా? ఇక్కడ, బల్ల ముందు, అందరూ అబ్బా ఎంత కాయ అని పొగుడుతుంటే? ఇంకో ఆలోచన వచ్చింది, కిటికీలోంచి ఎండ ఆమె మోకాళ్ళ మీద పడినంత మామూలుగా. ఆవిడకి ఆ నడక ఎంతో నాకు ఆ గింజ అంతే కదా. నేనిది దేవుడి ఇంటికి విత్తనమని అంటున్నాను, కాదు కాదు నా మాట నెగ్గాలని, గింజలమ్మ అన్నవాళ్ళ నోళ్ళు మూతపడాలని కూడా ఉంది, ఉందా లేదా, నిజం చెప్పు. ఉంది. చటుక్కున ఒప్పుకుంది లోపల్లోపల. ఉంటే ఉంది. నా గొప్ప కోసమే అయినా గింజ గింజే, అది మొలిచేటప్పుడు నా మనసు ఎలాంటిదని అడగదు. ఆవిడ కోసేస్తే పోట్లాడను. వచ్చే ఏడు ఎక్కడో పాదులో పడి మొలిచిన మొక్క ఏదైనా ఉంటే, ఆ చారలు కనిపిస్తే, మళ్ళీ మొదలుపెడతాను, నలభై ఏళ్ళు పాడవడానికి పట్టింది, బాగవడానికి పదేళ్ళు పడితే పట్టనీ. అలా అనుకునేసరికి ఊపిరి ఆడింది. ఆడింది కానీ మెడ మళ్ళీ తలుపు వైపు తిరిగింది.

ప్రసంగం అయిపోయింది. అందరూ లేచారు, పాట ఎత్తుకున్నారు, ముందు వరుసలవాళ్ళు కాయలూ గంపలూ ఎత్తుకుని నడవలోకి వస్తున్నారు. అప్పుడు వినబడింది బండి చక్రం, బయట, నూనె పెట్టమని ఆర్నెల్లుగా ఆమె మొత్తుకుంటున్న ఆ చక్రం, కిర్రుకిర్రుమంటూ వాకిటిదాకా వచ్చి ఆగింది. తలుపులో భర్త. రెండు చేతుల్లో తెల్ల దుప్పటి కప్పిన కాయ, దాని పైన అతని తల మాత్రమే కనిపిస్తోంది. వెనక అత్తగారు, చంకలో గంప, రెండో చెయ్యి దుప్పటి అంచు మీద. చివర్న నిలబడలేదు. నడవ మధ్యలోంచి నేరుగా నడిచారు, వరుసలో ఉన్నవాళ్ళు పాట ఆపకుండానే పక్కకి తప్పుకున్నారు, మూడేళ్ళు పోయినా ఒంటికి గుర్తుంటుంది కాబోలు ఎవరికి దారివ్వాలో. తన వరుస పక్కగా వెళ్తున్నప్పుడు భర్త కళ్ళలోకి చూద్దామనుకుంది, అతను కాళ్ళకేసి చూసుకుంటున్నాడు, చెవులు ఎర్రగా ఉన్నాయి. బరువుకా, భయానికా? అత్తగారు ఇటు చూడనే లేదు. దుప్పటి కింద ఎత్తుని బట్టి ఏమీ తెలియడంలేదు, మూడున్నరా, నాలుగుంపావా, దూరం నుంచి గుడ్డ కప్పితే కొండయినా ఒకటే బుట్టయినా ఒకటే. కాళ్ళు ఆమెని అడక్కుండానే నడవలోకి తీసుకొచ్చేశాయి. గుంపుని తోసుకుంటూ ముందుకి వెళ్ళింది, జీవితంలో మొదటిసారి ఎవరినో మోచేత్తో పొడిచింది, ఎవరో కూడా చూడలేదు.

కాయ బల్ల మీద దిగింది. బల్ల మూలిగింది. అత్తగారు దుప్పటి లాగారు, పాట మధ్యలో తెగిపోయింది, పాడేవాళ్ళందరి నోళ్ళూ తెరుచుకునే ఉన్నాయి కానీ అందులోంచి అమ్మో అన్న మాట వచ్చింది. ఆమె చూసింది కాయని కాదు, తొడిమని. ఇప్పుడు కోసిన తొడిమైతే ఆకుపచ్చగా తడిగా జిగురు కారుతుండాలి. ఎండి గట్టిపడి ఉంది, మీద ఏటవాలు కోత, నాలుగు రోజుల కిందటిది, తన చేతిది.

"అమ్మగారూ," అంటున్నారు పాస్టరుగారు, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని, "నేనీ సంఘానికి వచ్చాక ఇంత కాయ చూడలేదండీ. మీ ఇంటి మొదటి ఫలం ఇంత గొప్పగా..."

"మొదటిది కాదండీ ఇది," అన్నారు అత్తగారు. గట్టిగా అన్నారు, వెనక బల్లలదాకా వినబడేట్టు, తల ఎత్తుకుని. "రెండోది. ఇంతకంటే పెద్దది తీగ మీద ఉంది. గింజకి ఉంచాం."

అత్తగారు గంప దించి ముందుకి తోశారు, నిండా పిందెలు, పిడికెడంతవి. "ఇవి ఆఖర్న వచ్చినవి. పొద్దున్నే అన్నీ కోసిపారేశాను. పాపం ఒక్క తీగ, ఎంతమందికని పెడుతుంది? ఉన్న బలమంతా దానికే పోనీ అని. కూరలోకి పనికొస్తాయి, తీసుకోండి." ఆపైన కాస్త గొంతు తగ్గించి, "నలభై ఏళ్ళు మంచిదని తెంపుకొచ్చాను పాస్టరుగారూ. ఆయన ఏం అనలేదు పాపం, తిన్నాడు," అన్నారు పీఠం వైపు చూస్తూ.

ఎవరో దగ్గారు. కుట్టుపని వదినగారు. చేతుల్లో కాయని ఇటు నుంచి అటు మార్చుకుంది, కొంగు సర్దుకుంది, నీళ్ళు నమిలింది, చివరికి ఒక అడుగు ముందుకేసింది.

"పాస్టరుగారూ... అంటే... మాది కూడా రెండోదేనండీ. పెద్దది పాక వెనక ఉంది. గడ్డి కప్పి ఉంచాను, ఎవరన్నా చూస్తారేమోనని."

"మీది కూడానా?" అన్నారు వెనక నుంచి ఎవరో.

"మీదెక్కడుంది?"

"డాబా మీద. చీర కప్పాం."

"అందుకా నెల నుంచీ మీ డాబా మీద అదే చీర ఆరుతోంది! నేనింకా మీకు ఉతుకు సరిగ్గా రాదనుకుంటున్నా."

"నవ్వకండి," అంది పోస్టుమాస్టరుగారి భార్య, ముఖం ఎర్రగా చేసుకుని. "మాది మూడోదండీ. రెండోది కూడా ఉంచేశాం, ఎందుకైనా మంచిదని."

అప్పుడు పడింది నవ్వు, పైకప్పు పెంకులు కదిలేట్టు. వరుసలో ఉన్నవాళ్ళు ఒకరి గంపలోకి ఒకరు తొంగిచూస్తున్నారు, ఇది రెండోదా, ఇది కూడానా, అని, దొంగలందరూ ఒకే సంతలో కలిసినట్టు. బల్ల మీదున్న ఈ చారల కాయలన్నిటికీ ఇళ్ళ దగ్గర ఒక్కో అన్నగారు ఉన్నాడు, గడ్డి కిందా, చీర కిందా, గోనెపట్టా కిందా దాక్కుని, గింజ గట్టిపరుచుకుంటూ. ఒక్కటే మిగిలిందనుకుంది ఆమె, గంట సేపటి నుంచీ ఆ ఒక్కదాని కోసమే ఊపిరి బిగబట్టి కూర్చుంది. ఇరవై ఉన్నాయి! ముప్పై ఉన్నాయేమో! ఏ సమాజం కూర్చుని ఏం తేల్చాలి ఇంకా, తీగలే తేల్చేశాయి. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు, తెలుసుకోవాలనీ లేదు. కుట్టుపని వదినగారు దగ్గరికొచ్చి భుజం మీద ఒకటి చరిచి, "ఏయ్ గింజలమ్మా, వచ్చే ఏడు చిక్కుడు సంగతి చూడు, అది మరీ వేలెడై పోయింది," అంది. అలాగే వదినా అంది.

"ఏమ్మాయ్," అని పిలిచారు అత్తగారు బల్ల దగ్గర నుంచి, మూడేళ్ళలో చర్చిలో పిలిచిన మొదటి పిలుపు, "అక్కడ నిలబడ్డావేం, ఇలా రా. నా పక్కకి."

వెళ్ళింది. అత్తగారి చెయ్యి తన చెయ్యి పట్టుకుంది, పొద్దుటి నూరుడురాయి తడి ఇంకా ఉన్నట్టు చల్లగా, గరుకుగా ఉంది ఆ చెయ్యి. పాస్టరుగారు దీవెన కోసం బల్ల మీదికి చేతులు చాపి, ఆగిపోయారు. బల్లకేసి చూశారు, జనంకేసి చూశారు, తెరిచి ఉన్న తలుపులోంచి బయటికి చూశారు.

"మేలైనవి అక్కడుంటే నేను ఇక్కడ దీవించి ఊరుకుంటే ఎలా?" అన్నారు. "అందరూ ఒకసారి అటు తిరగండి."

బల్లలు కిరకిరలాడాయి. సంఘం సంఘమంతా పీఠానికి వీపు పెట్టి తలుపు వైపు తిరిగింది, ముసలీ ముతకా, చంటిపిల్లల తల్లులూ, పాడేవాళ్ళూ, వాకిట్లో ఎండలోకి, వీధిలోకి, ఇళ్ళ వెనక పెరళ్ళలోకి చూస్తూ. పాస్టరుగారు ఆ ముప్పై తీగల మీదికీ కుడిచెయ్యి ఎత్తారు, కళ్ళు మూసుకుని, ఎన్నడూ లేనంత గట్టిగా గొంతెత్తి మొదలుపెట్టారు.

"మా పెరడు అటు కాదండీ," అన్నారు అత్తగారు. "కొంచెం ఇటు."

పాస్టరుగారు ప్రార్థన ఆపకుండానే చెయ్యి ఎడమకి జరిపారు.